పరాన్నజీవి మలచిన పీత: రూపాన్ని నమ్మే నియమాలకు ఒక హెచ్చరిక

పీత ఆడదో మగదో తెలుసుకోవడానికి దానిని వెల్లకిలా తిప్పి చూడటం తీరప్రాంతాల్లో తరతరాల అలవాటు. ఛాతీ కిందికి మడతపడి ఉండే ఉదర పలక సన్నగా, మొనదేలి ఉంటే మగది. వెడల్పుగా, గుండ్రంగా పరచుకుని ఉంటే గుడ్లకు వచ్చిన ఆడది. రేవులో కొనుగోలుదారు, చెరువులో పీతలు పెంచే రైతు, సర్వేకు వచ్చిన మత్స్యశాఖ సిబ్బంది, ప్రయోగశాలలో విద్యార్థి అందరూ ఈ ఒక్క గుర్తునే నమ్ముతారు. పీతల పరిరక్షణకు వివిధ దేశాలు చేసుకున్న నియమాలకు కూడా ఇటువంటి బాహ్య లక్షణాలే ఆధారం. ఇంత వెడల్పు కన్నా చిన్న పీతను పట్టరాదు, ఆడ పీతను పట్టరాదు, గుడ్లతో ఉన్నదానిని తిరిగి నీటిలో వదలాలి అని ఆ నియమాలు చెబుతాయి. ఈ లక్షణాలన్నింటినీ తారుమారు చేయగల పరాన్నజీవుల సమూహం ఒకటి సముద్రంలో ఉంది. ఈ సంగతి జంతుశాస్త్రానికి నూరేళ్లకు పైగా తెలుసు. విస్తరణ సలహాలలోకి, సర్వే పత్రాలలోకి అది చేరినది మాత్రం చాలా తక్కువ. వ్యవసాయ విద్యార్థికి పీతతో పనేమిటన్న ప్రశ్న సహజమే. వరి, నువ్వు, సజ్జ పైర్లలో ఇదే తీరు నష్టాన్ని రోజూ చూస్తూ, దానిని పైకి కనిపించే రూపాన్ని బట్టే లెక్కగట్టే శాస్త్రజ్ఞులకు పీత కథ ఎంతో దగ్గరిది.

ఈ సమూహం పేరు రైజోసెఫాలా. గ్రీకు మూలాన్ని బట్టి 'వేరుతల' అని అర్థం. వీటిలో అత్యధికంగా అధ్యయనం జరిగినది ఐరోపా తీరపు ఆకుపచ్చ పీత కార్సినస్ మీనాస్‌ను ఆశ్రయించే సాక్యులినా కార్సిని. ఎదిగిన సాక్యులినాను చూసినవారికి అది ఏ జంతువర్గానికి చెందినదో ఊహకు అందదు. దానికి కాళ్లు, కళ్లు, నోరు, జీర్ణనాళం ఏవీ లేవు. పీత పొట్ట కింద పసుపు ఛాయ గల మెత్తని సంచి, పీత లోపల సన్నని వేళ్ల అల్లిక, ఇంతే దాని దేహం. 1836లో జాన్ వాన్ థాంప్సన్ ఆ సంచి నుంచి వెలువడిన లార్వాలను పరిశీలించి, అవి బార్నకిల్ లార్వాలను పోలి ఉన్నాయని గుర్తించడంతో దాని వంశం తెలిసింది. రేవు రాళ్లకూ పడవ అడుగుకూ అంటుకుని గట్టిపడే బార్నకిల్‌కు చుట్టమైన ఒక ప్రాణి, పీత దేహంలో మొక్కలా వేళ్లూని బతుకుతోందన్న మాట.

దాని జీవితచక్రాన్ని 1884లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈవ్ డెలాజ్ విప్పి చెప్పేవరకు, ఆ సంచి పీత పొట్టకు బయటినుంచే వచ్చి అతుక్కుంటుందని అనుకునేవారు. వాస్తవం దానికి పూర్తిగా భిన్నం. సంచి అన్నది చివరి దశ. స్వేచ్ఛగా ఈదే ఆడ లార్వా పీత దేహంపై వాలి, తన కాళ్లను, ఈదే అవయవాలను వదిలేసుకుంటుంది. మిగిలిన కణాల ముద్ద నుంచి బోలుగా ఉండే సూది వంటి ముల్లు బయలుదేరి పీత చర్మాన్ని గుచ్చుతుంది. ఆ సూది గుండా లోపలికి చేరే దశ ఎలా ఉంటుందో 1995 వరకు ఎవరూ ప్రత్యక్షంగా చూడలేదు. ఆ ఏడు హెన్రిక్ గ్లెన్నర్, యెన్స్ హోయెగ్ లాక్సోథైలాకస్ పనోపీ అనే మరో జాతిలో సన్నని పురుగు వంటి కదిలే దశను వర్ణించారు. ఆ చిన్న పురుగు పీత రక్తంలో చేరి వేళ్లుగా విస్తరిస్తుంది. వేళ్లు జీర్ణనాళం చుట్టూ, అవయవాల మధ్యకూ పాకుతాయి, నాడీముడిలోకి సైతం చొచ్చుకుపోతాయి. అవి పీత రక్తం నుంచే ఆహారాన్ని పీల్చుకుంటాయి. ఈ లోపలి దశ నెలల తరబడి, కొన్ని సందర్భాలలో ఏడాదికి పైగా సాగుతుంది. అంతకాలమూ పైకి ఏ సంచీ కనిపించదు.

తరువాత సంచి బయటపడుతుంది. ఎక్కడ? ఆడ పీత తన గుడ్ల గుత్తిని మోసే చోటనే, ఉదర పలక కింద. మగ లార్వా వచ్చి దానిలో చేరితేనే ఆ సంచి పక్వానికి వస్తుంది, లేకుంటే ఎదుగుదల ఆగిపోతుంది. సంచిలో వృషణాలని భావించిన భాగాలు నిజానికి లోపలికి చేరిన మరుగుజ్జు మగ జీవుల నివాసాలని 1958లో జపాన్‌లో ఇచికావా, యనగిమాచి చూపించారు. వారు పరిశీలించినది సన్యాసి పీతలపై బతికే ఒక బంధుజాతి. క్షీరదాల ఫలదీకరణ పరిశోధనలో తరువాత ప్రపంచప్రసిద్ధుడైన ర్యూజో యనగిమాచి ఈయనే.

ఇక రూపం సంగతి. సోకిన మగ పీతలో ఉదర పలక ఆడదాని పలకలా వెడల్పవుతుంది. సంపర్కానికి ఉపయోగపడే అవయవాలు కుంచించుకుపోతాయి. కొన్ని జాతులలో మగ పీతకు సహజమైన పెద్ద డెక్కలు చిన్నవిగా మిగులుతాయి. వృషణాలు క్షీణిస్తాయి. సోకిన ఆడ పిల్లపీతలో మార్పు మరో విధంగా ఉంటుంది. ఇంకా ఎదగవలసిన పలక ముందుగానే ముదురు పీత పలక ఆకృతిని పొందుతుంది, కానీ గుడ్లను పట్టుకునే కింది ఉపాంగాలు మాత్రం చిన్నవవుతాయి. అండాశయం పనిచేయదు. చూపుకు నిండు ఆడతనం, లోపల గొడ్డుతనం. ప్రవర్తన కూడా రూపాన్ని అనుసరిస్తుంది. గుడ్ల గుత్తిని శుభ్రం చేసుకునే ఆడ పీతలాగే సోకిన పీత పరాన్నజీవి సంచిని శుభ్రం చేస్తుంది. సంచి నుంచి లార్వాలు వెలువడే వేళ తన పిల్లలను నీటిలోకి వదులుతున్నట్లు పలకను ఆడిస్తుంది. మగ పీత కూడా ఈ పని చేస్తుంది. ఆస్ట్రేలియాలోని ఈత పీతలలో సాక్యులినా గ్రానిఫెరా సోకిన మగవి గుడ్లు పెట్టే ఆడవాటి వలె ఇసుకలో పూడుకునే ప్రవర్తన చూపుతాయని 1979లోనే బిషప్, కానన్ నమోదు చేశారు.

ఈ మార్పులు జరిగే వేళను గమనించడం చాలా ముఖ్యం. పీత గట్టి పెంకులో బంధించిన ప్రాణి. పెంకు విడిచి కొత్తది ధరించినప్పుడే దాని రూపం మారగలదు. కాబట్టి పలక వెడల్పు కావడం పరాన్నజీవి లోపల ఉన్న కాలంలో, పెంకు విడిచిన ప్రతిసారీ కొంత చొప్పున జరుగుతుంది. సాక్యులినా సంచి బయటపడిన తరువాత పీత సాధారణంగా మళ్లీ పెంకు విడవదు. అందుకే పాత పెంకుపై బార్నకిళ్లు, నాచు పేరుకుంటాయి. దీని నుంచి రెండు సంగతులు తేలుతాయి. మొదటిది, సంచి లేకపోయినా పలక అసహజంగా వెడల్పైన మగ పీత అనుమానించదగినదే. రెండవది, పెద్దయ్యాక సోకిన పీతకు ఇక విడవవలసిన పెంకులు తక్కువ కనుక దాని రూపం పెద్దగా మారకపోవచ్చు. రూపం మారలేదు కాబట్టి పరాన్నజీవి లేదనడానికి వీలులేదు. పాఠ్యపుస్తకాలలో సాధారణంగా సంచితో ఉన్న పీత బొమ్మ ఒక్కటే ఉంటుంది. అది రోగం ముదిరిన తరువాతి చిత్రం. విద్యార్థికి నిజంగా చూపవలసినవి సంచికి ముందు దశలు.

రూపం ఎందుకు మారుతుందన్న ప్రశ్నకు జవాబు చాలాకాలం దొరకలేదు. 1887లో ఆల్ఫ్రెడ్ జియార్ 'పరాన్నజీవి చేసే శస్త్రచికిత్స లేని వృషణఛేదం' అనదగిన భావనకు పేరు పెట్టి, ఆతిథేయి సంతానశక్తిని హరించడమే ఈ బంధం కీలకమని గుర్తించాడు. నేపుల్స్‌లో పనిచేసిన జెఫ్రీ స్మిత్ 1906లో వెలువరించిన విస్తృత గ్రంథంలోనూ తరువాతి వ్యాసాలలోనూ మరో దారి తొక్కాడు. పరాన్నజీవి వేళ్లకు అండాశయానికి కావలసినంత కొవ్వు పదార్థం అవసరమని, ఆ గిరాకీని తీర్చబోయి మగ పీత శరీరక్రియ ఆడదాని దారిలోకి మళ్లుతుందని అతని వాదం. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916లో అతను మరణించకపోతే ఆ వాదాన్ని ఎంతవరకు పరీక్షించేవాడో. అసలు తాళంచెవి 1954లో మరో ప్రాణిలో దొరికింది. ఒడ్డున గెంతే ఒక చిన్న క్రస్టేషియన్‌లో హెలెన్ షార్నియో-కోటన్ ఆండ్రోజెనిక్ గ్రంథిని కనుగొంది. వీర్యనాళం పక్కన ఉండే ఆ చిన్న గ్రంథి ఉంటే దేహం మగదిగా, లేకుంటే ఆడదిగా రూపొందుతుంది. పరాన్నజీవి ఆ గ్రంథిని దెబ్బతీస్తే మగ రూపం నిలవదన్న వివరణకు అప్పటి నుంచి గట్టి పునాది ఏర్పడింది. నీలకంఠ రొయ్యలలో ఇదే గ్రంథి హార్మోను జన్యువును అణచి, మగ రొయ్యలను ఆడవిగా మార్చి, వాటి ద్వారా పూర్తి మగ సంతానాన్ని పొందే పద్ధతి నేడు హేచరీ సాంకేతికతగా మారింది. సాక్యులినా లక్షల ఏళ్లుగా చేస్తున్న పనికి ఇది దూరపు చుట్టమే.

ఈ వివరణతో మరో వివాదం తెరచుకుంటుంది. మగ పీత ఆడరూపం దాల్చడం పరాన్నజీవి కోరి చేయించుకున్న మార్పా, లేక గ్రంథి దెబ్బతిన్నందున తప్పనిసరిగా వచ్చిన దుష్ఫలమా? వెడల్పైన పలక మెత్తని సంచిని దెబ్బల నుంచి కాపాడుతుంది కాబట్టి పరాన్నజీవికి లాభం ఉన్నమాట నిజం. అయితే లాభం ఉన్నంత మాత్రాన ఆ లాభం కోసమే మార్పు ఏర్పడిందని చెప్పడం తొందరపాటు. పరాన్నజీవి ఆతిథేయిని 'ఆడిస్తుంది', 'బొమ్మగా చేస్తుంది' అన్న మాటలు జనరంజక శాస్త్రరచనలో ఆకర్షణీయంగా ఉంటాయి. పరిశోధనా పత్రిక పాఠకులు ఆ మాటలను కొంత దూరంలోనే ఉంచాలి. మారిన ప్రతి రూపం ముందూ మూడు అవకాశాలుంటాయి. అది పరాన్నజీవి ప్రయోజనం కావచ్చు, ఆతిథేయి ఆత్మరక్షణ కావచ్చు, ఎవరికీ ఉపయోగం లేని దెబ్బ కావచ్చు. వీటిలో ఏది నిజమో ప్రయోగమే చెప్పాలి.

పైర్లలో ఇటువంటి తొందరపాటుకు మంచి ఉదాహరణ ఉంది. నువ్వులో వెర్రి తెగులు సోకిన మొక్కలో పూలు ఆకులుగా మారతాయి. కాయలు రావు. దీపపురుగులు మోసే ఫైటోప్లాస్మా దీనికి కారణం. పువ్వు ఆకుగా మారే యంత్రాంగం అరబిడాప్సిస్ మొక్కపై జరిగిన పరిశోధనల్లో బయటపడింది. ఫైటోప్లాస్మా విడుదల చేసే ఒక ప్రోటీను, పూల అవయవాలను తీర్చిదిద్దే మొక్క ప్రోటీన్లను నాశనం చేయిస్తుంది. ఆ ప్రోటీనున్న మొక్కలపై దీపపురుగులు ఎక్కువ గుడ్లు పెడతాయని కూడా 2014లో తేలింది. పువ్వును ఆకుగా మార్చడమే పురుగును పిలిచే ఉపాయమని చాలామంది భావించారు. 2016లో అదే పరిశోధన బృందం నుంచి వచ్చిన పత్రం ఆ భావనను సవరించింది. పువ్వు ఆకుగా మారకపోయినా పురుగులు ఆకర్షితమవుతున్నాయని, రూపమార్పు వేరు, ఆకర్షణ వేరు అని అది చూపింది. పీత విషయంలోనూ ఇంతటి నిగ్రహం అవసరం.

వరిలో ఉల్లికోడు మరింత దగ్గరి పోలిక. దోమ వంటి ఈ పురుగు పిల్లదశ పిలక మొవ్వులోకి చేరి, పెరిగే కొన వద్ద తింటుంది. ఆకు తొడిమ ఉల్లికాడలా గొట్టమవుతుంది. ఆ పిలక ఇక కంకి వేయదు. గొట్టం పొలంలో పైకి తేలి కనిపించేసరికి లోపలి పురుగు ఎదుగుదల దాదాపు ముగిసి ఉంటుంది. కొన వద్ద రంధ్రం ఉంటే అది ఎగిరిపోయినట్లే. సంచి బయటపడ్డ పీతలాగే గొట్టం బయటపడ్డ పిలక కూడా రోగం కాదు, రోగపు ఫలితం. ఇక్కడ ఇంకొక మాయ ఉంది. మొవ్వు పోయిన దుబ్బు అదనంగా పిలకలు పెడుతుంది. పిలకలు ఎక్కువగా ఉన్న దుబ్బును బలమైనదిగా ఎంచే కంటికి అది నచ్చుతుంది. వెర్రి తెగులు సోకిన నువ్వు మొక్క కూడా అంతే. మిగిలిన చేను పండి ఆకు రాల్చే వేళ అది పచ్చగా నిలుస్తుంది. సజ్జలో వెర్రి కంకి తెగులు వచ్చినప్పుడు కంకి స్థానంలో ఆకుల గుబురు కనిపిస్తుంది. మొక్క చావదు, గింజ ఇవ్వదు. ఎరువును, నీటిని మాత్రం ఆరోగ్యమైన మొక్కతో సమానంగా తీసుకుంటుంది. చచ్చిన మొక్కల లెక్కలో ఇవి ఎక్కడా రావు. పొలంలో చివరికి దిగుబడి అయినా నిజం చెబుతుంది. సముద్రంలో పంటకోత లేదు కాబట్టి ఆ లెక్క మరింత ఆలస్యంగా తేలుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన నియమాల దగ్గరకు రావచ్చు. సాక్యులినా వర్గపు పరాన్నజీవులు సోకిన పీతలలో చాలా జాతులు పొట్టిగా మిగిలిపోతాయి. కనీస పరిమాణం నియమం ప్రకారం జాలరి పెద్ద పీతను ఉంచుకుని చిన్నదానిని నీటిలో వేస్తాడు. ఆ చిన్న పీతల్లో కొన్ని నిజంగా లేత పీతలు, కొన్ని ఎప్పటికీ ఎదగని రోగి పీతలు. ఏళ్ల తరబడి ఇలా చేస్తే ఆరోగ్యమైనవి బుట్టకెక్కుతాయి, రోగివి నీటిలో పోగుపడతాయి. 1992లో ఆర్మండ్ కురిస్, కెవిన్ లఫర్టీ క్రస్టేషియన్ వేటకు గణిత నమూనాలు కట్టి చెప్పినది ఈ ప్రమాదాన్నే. పరాన్నజీవిని లెక్కలోకి తీసుకోని నిర్వహణ పద్ధతి, తెలియకుండానే దానికి మేలు చేయగలదు. అలాస్కాలో రాజపీతల వేటకు పెద్ద మగ పీతలను మాత్రమే పట్టాలన్న నియమం ఉంది. ఆగ్నేయ అలాస్కా ఇరుకు కయ్యలలో అవే రాజపీతలకు బ్రయరోసాకస్ అనే వేరుతల పరాన్నజీవి సోకుతుంది. వర్గీకరణలో రాజపీతలు అసలు పీతలకన్నా సన్యాసి పీతలకు దగ్గర. అయినా పరాన్నజీవి తీరు ఒకటే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఆడ ఈత పీతలను, ఆడ మడ పీతలను పట్టరాదు. ఆ రాష్ట్రపు మోర్టన్ అఖాతంలోనే సాక్యులినా గ్రానిఫెరా ఈత పీతలపై అధ్యయనాలు జరిగాయి. ఆడరూపం దాల్చిన మగ పీతను జాలరి పైపైన చూసి ఆడదనుకుంటే, చట్టాన్ని శ్రద్ధగా పాటించినందుకే పరాన్నజీవి సంచి నీటిలోకి తిరిగి చేరుతుంది. సంతానం కోసం రక్షించినది, సంతానమే లేని పీత.

ఇది నియమాలను తప్పుపట్టే వాదన కాదు. ఆడ పీతను, లేత పీతను కాపాడటం మంచి నియమం. రూపాన్నే పూర్తి సాక్ష్యంగా తీసుకోవడంలోనే లోపం ఉంది.

తెలుగు తీరానికి ఈ చర్చ ఎంతవరకు వర్తిస్తుంది? భారత తీరపు ఈత పీతలలో సాక్యులినా వర్గపు జీవులు నమోదైనవే. మడ పీతల విషయంలో పొరుగు సముద్రాల అనుభవం మరింత సూటిగా ఉంది. ఉత్తర ఆస్ట్రేలియాలో సిల్లా సెర్రాటాపై లాక్సోథైలాకస్ ఇహ్లీ, మలేసియాలో సిల్లా ఒలివేసియాపై సాక్యులినా బోఫోర్టీ అధ్యయనానికి వచ్చాయి. ఈ రెండు మడ పీత జాతులూ భారత తీరంలో ఉన్నవే. కృష్ణా, గోదావరి డెల్టాల ఉప్పునీటి చెరువుల్లో పీతల పెంపకం, పెంకు గట్టిపడని పీతలను బలపరిచే పని గణనీయంగా సాగుతోంది. దీనికి కావలసిన పిల్లపీతల్లో చాలాభాగం మడ అడవుల కాలువల నుంచి పట్టి తెచ్చినవే. ఒక కాలువ పీతను మరో ప్రాంతపు చెరువుకు చేర్చడం మామూలు వ్యాపారం. పిల్లపీతను కొనేటప్పుడు కాళ్లు, డెక్కలు సరిగా ఉన్నాయా, చురుగ్గా కదులుతోందా అన్నవే రైతు చూస్తాడు. లోపలి దశలో ఉన్న పరాన్నజీవి ఈ పరీక్షలన్నీ దాటిపోగలదు. నెలల తరబడి మేత పెట్టినా పెరగని పీతను రైతు మేత లోపమనో, నీటి లోపమనో అనుకుంటాడు. ఆ అనుమానాలు చాలాసార్లు సరైనవే కావచ్చు. పలక తిప్పి చూసే రెండు నిమిషాల పని మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

కంటికి కనిపించని దశలో పీతను తరలిస్తే ఏమవుతుందో అమెరికా తూర్పు తీరం చూసింది. అక్కడి చీసపీక్ అఖాతంలో ఆల్చిప్పలు రోగాలతో తగ్గినప్పుడు మెక్సికో సింధుశాఖ నుంచి ఆల్చిప్పలు తెచ్చి వేశారు. వాటి మధ్య దాగిన చిన్న బురద పీతలలో లాక్సోథైలాకస్ పనోపీ ఉంది. 1960లలో అది చీసపీక్‌లో బయటపడింది. ఆ తరువాత తూర్పు తీరం వెంట వ్యాపించింది. కొత్త చోట స్థానిక పీతలపై దాని ఉధృతి సొంతగడ్డ మీదకన్నా ఎక్కువగా కనిపించింది. తెచ్చినది ఆల్చిప్ప, వచ్చినది పీత, దిగుమతైనది పీతలోని వేరు. దిగుమతి పరీక్షలో ఎవరూ చూడని మూడో పొర అది.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా తెలియాలి. ఐరోపా ఆకుపచ్చ పీత అమెరికా పశ్చిమ తీరంలో 1989 ప్రాంతం నుంచి ఆక్రమణ జాతిగా స్థిరపడింది. దానిని అదుపు చేయడానికి దాని సొంత పరాన్నజీవి సాక్యులినా కార్సినినే తెచ్చి వదిలితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. జీవనియంత్రణ చదివిన ఎవరికైనా ఇది ఆకర్షణీయమే. శత్రువును చంపకుండా గొడ్డుపరచే శత్రువు. 2005లో ప్రచురితమైన ప్రయోగాలు ఆ ఆశను తుంచేశాయి. కాలిఫోర్నియా స్థానిక పీతలపై కూడా సాక్యులినా లార్వాలు వాలి లోపలికి చొచ్చుకుపోయాయి. అక్కడ అవి పక్వానికి రాలేదు, కానీ ఆ పీతలు చనిపోయాయి. జాతిని ఎంచుకునే పరాన్నజీవి తనకు సరిపడని జాతి జోలికి పోదన్న నమ్మకం ఇక్కడ చెల్లలేదు. సొంత ఆతిథేయిని బతికిస్తూ వాడుకునేది, పరాయి ఆతిథేయిని వాడుకోలేక చంపింది. కలుపు మొక్కలపై విదేశీ కీటకాలను, శిలీంధ్రాలను వదిలే ముందు జరిపే ఆతిథేయి పరీక్షల గురించి పాఠం చెప్పేటప్పుడు ఈ ప్రయోగం ప్రస్తావనకు రావాలి. 'ఆతిథేయిపై పూర్తి చేయగల జీవితచక్రం' ఒక ప్రశ్న, 'ఆతిథేయికి చేయగల హాని' మరో ప్రశ్న. పరీక్ష పత్రాలలో మొదటిదానికి మాత్రమే గడి ఉంటే రెండోది సముద్రంలో తేలుతుంది.

ఇక చేయదగిన పనులు. రేవుల్లో పీతల జాతి, లింగం, వీపు పెంకు వెడల్పు నమోదు చేసే సర్వే పత్రంలో ఉదర పలక ఆకృతికి విడిగా ఒక గడి ఉండాలి. మగ పీతను నిర్ధారించేది పలక వెడల్పు ఒక్కటే కాకూడదు. పలకను ఎత్తి కింద ఉన్న ఉపాంగాలను చూడాలి. మగదానికి సంపర్క అవయవాలు రెండు జతలు, ఆడదానికి గుడ్లను పట్టే నూగుటుపాంగాలు నాలుగు జతలు. పలక ఆడదానిలా ఉండి కింద మగ అవయవాల ఆనవాళ్లు ఉంటే ఆ పీత ప్రత్యేకంగా నమోదు కావాలి. సంచి రాలిపోయిన పీతలో పలక మూలంలో మచ్చ మిగులుతుంది. దానికీ గడి ఉండాలి. సంచి ఉన్న పీతను గుడ్ల పీతగా పొరబడే అవకాశం ఉంది. గుడ్ల గుత్తిని వేలితో కదిపితే విడివిడి గింజలుగా తెలుస్తుంది. పరాన్నజీవి సంచి నున్నగా, ఒకే ముద్దగా ఉంటుంది. ఈ తేడాను ఒక్కసారి చేతితో చూపిస్తే జాలరి మరచిపోడు. అటువంటి పీతను తిరిగి నీటిలో వేయరాదన్న సలహా, గుడ్ల పీతను వదలమన్న సలహాతో కలిపే చెప్పాలి. ఈ పరాన్నజీవి మనిషికి సోకదు కాబట్టి పీతను ఒడ్డున ఉంచుకోవడంలో భయం లేదు.

దీనిపై ఒక అభ్యంతరం రావచ్చు. రేవు సర్వేలకు ఇప్పటికే సమయం చాలదు. కనిపించని సమస్య కోసం గడులు పెంచడం ఎందుకని అడగవచ్చు. అభ్యంతరం న్యాయమైనదే. అయితే గడి లేని చోట సమస్య ఎన్నడూ కనిపించదు. పరాన్నజీవి నిజంగా అరుదైతే ఒకటి రెండేళ్ల నమోదులోనే ఆ సంగతి తేలిపోతుంది. అప్పుడు ఆ గడిని తీసేయవచ్చు. వరిలో ఉల్లికోడుకు 5 శాతం పిలకలు గొట్టాలైతే మందు చల్లాలన్న ఆర్థిక నష్టపరిమితిని పెట్టగలిగినది, ముందుగా ఎవరో పొలంలో గొట్టాలను ఒక్కొక్కటిగా లెక్కించినందువల్లే. పీతకు అటువంటి పరిమితి లేదు, ఎందుకంటే లెక్కే లేదు.

విశ్వవిద్యాలయాల్లో కూడా కొంత సవరణ అవసరం. కీటకశాస్త్రం, మొక్కల తెగుళ్లు, మత్స్యశాస్త్రం వేర్వేరు గదుల్లో బోధిస్తున్నందున ఉల్లికోడు గొట్టాన్ని చూసిన విద్యార్థి సాక్యులినా సంచిని చూడడు, సంచిని చూసిన విద్యార్థి వెర్రి కంకిని చూడడు. ఒకే ప్రయోగ తరగతిలో ఉల్లి గొట్టమైన వరి పిలకను, ఆకుగా మారిన నువ్వు పువ్వును, రేవు నుంచి తెచ్చిన మగ, ఆడ పీతలను ఒకే బల్లపై పెట్టడం కష్టమేమీ కాదు. పిలకను నిలువునా చీల్చి పురుగు ఉందో లేదో, ఉంటే ఏ దశలో ఉందో రాయించాలి. పీతలను కొలిపించి, వీపు వెడల్పుకూ పలక వెడల్పుకూ నిష్పత్తిని గీత పటంలో గుర్తు పెట్టించాలి. ఆరోగ్యమైన మగ పీతలన్నీ ఒక గీత చుట్టూ, ముదురు ఆడ పీతలన్నీ మరో గీత చుట్టూ చేరతాయి. ఆ రెండింటి నడుమ ఎక్కడో పడే ఒకటి రెండు చుక్కలను విద్యార్థి కొలతలో పొరపాటుగా భావించి చెరిపేయకుండా, ఆ పీతను తెరిచి చూడాలి.